టికింటర్‌ల బటన్ నొక్కితే ఈవెంట్ మిస్సింగ్ అని ఎర్రర్, ఎంటర్ కొడితే మంచిగనే నడుస్తుంది

అన్నా, నల్గొండల మా బత్తాయి కాటా లెక్కకు పైథాన్ 3.11ల టికింటర్ (విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) తోటి చిన్న ప్రోగ్రామ్ రాసిన. క్లాస్‌ల లెక్క_చెయ్(సెల్ఫ్, ఈవెంట్) అని ఒక్కటే మెథడ్, కిలోలను రేటుతోటి గుణించి మొత్తం చూపిస్తది. బరువు రాసే డబ్బాల ఎంటర్ కొట్టినా పక్కన బటన్ నొక్కినా అదే నడవాలె. ఎంటర్‌కు బైండ్ పెట్టిన (ఆ కీ కొడితే మెథడ్ నడిచేటట్టు కలిపిన), మంచిగ పనిచేస్తుంది. బటన్‌కు కమాండ్=సెల్ఫ్.లెక్క_చెయ్ అని ఇచ్చిన, నొక్కినప్పుడల్లా "మిస్సింగ్ 1 రిక్వైర్డ్ పొజిషనల్ ఆర్గ్యుమెంట్: ఈవెంట్" అని టైప్‌ఎర్రర్ వస్తుంది, విండో మాత్రం బంద్ కాదు.

ఈవెంట్ తీసేస్తే బటన్ నడుస్తుంది గని ఎంటర్ కాడ "టేక్స్ 1 పొజిషనల్ ఆర్గ్యుమెంట్ బట్ 2 వర్ గివెన్" అంటుంది. కమాండ్ దగ్గర బ్రాకెట్లు పెట్టి లోపల నన్ (None, ఖాళీ విలువ) పంపిన, ప్రోగ్రామ్ ఓపెన్ కాంగనే లెక్క ఒక్కసారి నడిచి తర్వాత బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏం కాలే. అదే కోడ్ కాపీ కొట్టి రెండు మెథడ్లు పెడితే పని అయితుంది, గని మొన్న లెక్క ఒకదాంట్ల మార్చి ఇంకోదాంట్ల మరిచిపోయిన, మొత్తం తప్పు వచ్చింది, రైతు పైసల కాడ అట్ల అస్సలు కావద్దు.

జర చెప్పుండ్రి, మెథడ్ ఒక్కటే ఉంచి బటన్‌కు, ఎంటర్‌కు రెంటికీ నడవాలంటే ఆ ఈవెంట్ ఆర్గ్యుమెంట్‌ను ఎట్ల రాయాలె?