చెన్నై డైనో షీటును బెంగళూరు డైనో షీటు పక్కన పెట్టి పోల్చవచ్చునా?

అలిపిరి650 (తిరుపతి)

మా తిరుపతి, చిత్తూరు రైడర్ల బృందంలో నెల రోజులుగా తెగని వాదనను ఇక్కడ పెడుతున్నాను. నాదీ, చిత్తూరులో ఉంటున్న నా మిత్రునిదీ ఒకే మోడల్ బండి, సూపర్ మీటియర్ 650. ఇద్దరమూ ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు మార్చి ఈసీయూ రీమ్యాప్ (ఇంజినును నడిపే కంప్యూటరు సెట్టింగుల మార్పు) చేయించుకున్నాము. నేను ఫిబ్రవరిలో చెన్నైలో డైనో (బండిని రోలరు మీద పరుగెత్తించి శక్తిని కొలిచే యంత్రం) ఎక్కించాను, ఆయన బెంగళూరులో ఎక్కించారు. నా షీటులో వెనుక చక్రం దగ్గర 43.1 హార్స్‌పవర్ వచ్చింది, ఆయన షీటులో 47.0 వచ్చింది. నా రీమ్యాప్ సరిగ్గా కుదరలేదనీ, బెంగళూరు వెళ్ళి మళ్ళీ చేయించుకోమనీ ఆయన సలహా.

నాకు మింగుడుపడని విషయం ఏమిటంటే, ఇద్దరమూ భార్యలను వెనుక కూర్చోబెట్టుకుని, సామాను కట్టుకుని చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాటు ఎక్కినప్పుడు నా బండి ఐదో గేరులోనే లాగుతుంది, ఆయన మాత్రం నాలుగుకు దించక తప్పడం లేదు. నాలుగు హార్స్‌పవర్ ఎక్కువున్న బండి ఘాటులో వెనకబడటం ఎలా సాధ్యం?

షీట్ల అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నవి కూడా రాస్తున్నాను. నాది: ఎస్ఏఈ, ఫ్యాక్టర్ 1.02, స్మూతింగ్ 5. ఆయనది: ఎస్‌టీడీ, ఫ్యాక్టర్ 1.15, స్మూతింగ్ 0. వీటిని అర్థం చేసుకున్నవారు వివరించగలరని మనవి.

పలమనేరు411 (పలమనేరు)

అలిపిరి650 గారూ, ఘాటులో కలిగిన అనుభూతిని డైనోకు పోటీగా నిలబెట్టడం సరికాదని నా అభిప్రాయం. రైడరు బరువు, సామాను, టైర్లలో గాలి, క్లచ్ పరిస్థితి, ఇవన్నీ ఇద్దరికీ ఒకటి కావు. సైలెన్సరు శబ్దం పెరిగితే పికప్ పెరిగినట్టు అనిపించడం మనందరికీ తెలిసినదే. ఊరు ఊరికీ గాలి మారుతుంది కాబట్టే కరెక్షన్ ఫ్యాక్టర్‌ను (కొలిచిన శక్తిని గుణించే సవరణ అంకెను) కనిపెట్టారు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి పలచన, ఇంజినుకు అందే ఆక్సిజన్ తక్కువ. ఆ లోటును లెక్కకట్టి కలిపితే తప్పేమిటి? కలపకపోతేనే అన్యాయం. ఫ్యాక్టర్ వేసిన తరువాత 47.0 అంటే 47.0 అనే నేను నమ్ముతాను. అన్నట్టు, మీ మిత్రులు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) ఏమైనా మార్చారా? ఘాటు సంగతి తేలాలంటే ముందుగా అడగవలసిన ప్రశ్న అది.

నీవాతీరం (చిత్తూరు)

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది కానీ, కరెక్షన్ ఫ్యాక్టర్ మీద పలమనేరు411 గారు పెట్టిన నమ్మకం దాని స్థాయికి మించినదని నేను గట్టిగా అనుకుంటున్నాను. ముందు ఫ్యాక్టర్లను తీసేసి రోలరు నిజంగా ఏమి చూసిందో లెక్క కడదాం. 43.1ని 1.02తో భాగిస్తే 42.3. 47.0ను 1.15తో భాగిస్తే 40.9. అంటే ఆ రోజు, ఆ గదిలో, ఎక్కువ శక్తిని రోలరుకు అందించినది చెన్నైలో పరుగెత్తిన బండే. మిగిలిన తేడా అంతా కంప్యూటరు గుణించి చూపినది. గుణించడం తప్పని నేను అనడం లేదు, బెంగళూరు గాలి పీడనం చెన్నై కంటే సుమారు పదో వంతు తక్కువ అన్నది వాస్తవమే. కానీ ఇద్దరినీ ఒకే కొలబద్దతో గుణించలేదు.

ఎస్ఏఈ జె1349 అనే ప్రమాణం 25 డిగ్రీల వేడి, 990 మిల్లీబార్ల పొడిగాలి పీడనం ఉన్న రోజును ఆధారంగా తీసుకుంటుంది. ఎస్‌టీడీ అన్న పాత ప్రమాణం 15.5 డిగ్రీలు, 1013 మిల్లీబార్లు ఉన్న చల్లని, దట్టమైన గాలిని ఊహించుకుంటుంది. కాబట్టి చెన్నై వంటి సముద్రతీరపు ఊళ్ళో అదే రన్‌ను ఎస్‌టీడీలో అచ్చువేస్తే, బోల్టు ఒక్కటి కూడా మార్చకుండానే అంకె సుమారు 4 శాతం పెరుగుతుంది. అలిపిరి650 గారు తమ ఫైలును అదే సెంటరులో ఎస్‌టీడీలో మళ్ళీ తీయించుకుంటే 43.1 కాస్తా 45కు దగ్గరగా వస్తుంది. డైనోలు నడిపేవారు పాత ఫైలును ఏ ఫ్యాక్టరుతోనైనా తిరిగి తెరవగలరు, దానికి మళ్ళీ బండి ఎక్కించనక్కరలేదు.

ఇక ఎస్ఏఈ సూత్రం కూడా ఎక్కడపడితే అక్కడ వర్తించేది కాదు. అది 15 నుంచి 35 డిగ్రీల వేడికీ, 900 నుంచి 1050 మిల్లీబార్ల పొడిగాలికీ ఉద్దేశించినది. బెంగళూరు గాలిలోని తేమను మినహాయిస్తే పొడిగాలి పీడనం ఆ దిగువ హద్దు దగ్గరే ఆగుతుంది. మన రేణిగుంటలో మే నెల మధ్యాహ్నం రన్ చేస్తే వేడి పై హద్దును దాటిపోతుంది.

వేడి మాట వచ్చింది కాబట్టి నేను కళ్ళారా చూసినది చెబుతాను. ఒక సెంటరులో ఉష్ణోగ్రత సెన్సారును బండి కుడివైపు స్టాండుకు, సైలెన్సరు బెండుకు జానెడు దూరంలో వేలాడదీశారు. మొదటి రన్‌కు అది 38 చూపింది, మూడో రన్‌కు 50 దాటింది. గది మాత్రం అంతే ఉంది, ఇంజిను వేడి సెన్సారుకు తగిలింది. గాలి వేడెక్కిందని కంప్యూటరు నమ్మి ఫ్యాక్టరును సుమారు 2 శాతం పెంచింది. 45 హార్స్‌పవర్ బండికి అది ఇంచుమించు ఒక హార్స్‌పవర్. ఆ ఒక్కటే రీమ్యాప్ ఫలితమని చెప్పి, డబ్బు కట్టించుకుని పంపించారు. ఆ బండి యజమాని సంతోషంగా వెళ్ళిపోయాడు, నాకు మాత్రం ఇప్పటికీ మనసు ఒప్పడం లేదు.

స్మూతింగ్ సంగతి చిన్నదే, గ్రాఫు గీతను నునుపు చేసే సెట్టింగు అది. 0లో గీత రంపపు పళ్ళలా ఉంటుంది, ఆ పళ్ళలో ఎత్తైన దాని కొనను గరిష్ఠ శక్తిగా అచ్చువేస్తారు. 5లో ఆ కొనలు అణగిపోతాయి.

ఇంకొకటి. ఈ ఇంజినుకు కంపెనీ చెప్పే 47 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) క్రాంకు దగ్గరి, అంటే ఇంజిను ఇరుసు దగ్గరి లెక్క, హార్స్‌పవర్‌లో 46.4. అక్కడి నుంచి గేర్‌బాక్సు, చైను, టైరు తమ వాటా తీసుకున్న తరువాత మిగిలేదే చక్రం దగ్గర కనిపిస్తుంది. ఫిల్టరు, సైలెన్సరు, రీమ్యాప్‌లతోనే చక్రం దగ్గరి అంకె కంపెనీ క్రాంకు అంకెను దాటిందంటే, ఇంజినును పొగడటానికి ముందు షీటును అనుమానించాలి.

పలమనేరు411

ఎస్‌టీడీ, ఎస్ఏఈ కలగలిసిన విషయాన్ని ఒప్పుకుంటున్నాను, నేను దానిని గమనించలేదు. అయినా పోలికను పూర్తిగా వదిలేయాలన్న వాదనకు నేను ఒప్పుకోను. అంకెలను కాక శాతాలను పోల్చుకోవచ్చు కదా? డైనో ఎక్కువ చూపేదైతే మార్పులకు ముందూ ఎక్కువే చూపుతుంది, తరువాతా ఎక్కువే చూపుతుంది. ముందుకూ తరువాతకూ మధ్య పెరుగుదల ఎంత శాతమో చూస్తే డైనో స్వభావం కొట్టుకుపోతుంది. అలా చూస్తే చెన్నై, బెంగళూరు షీట్లను పక్కపక్కన పెట్టవచ్చు.

నీవాతీరం

శాతాల మాట మంచిది, చాలావరకు అంగీకరిస్తాను. గుణకారంగా వచ్చే పొరపాటు శాతంలో నిజంగానే కొట్టుకుపోతుంది. బెల్టులతో బండిని రోలరు మీదికి మరీ బిగించడం, టైరులో గాలి తగ్గడం వంటివి శక్తిని కొంత మింగేస్తాయి, అవి పూర్తిగా కొట్టుకుపోవు. కానీ ఆ తేడా చిన్నది: రెండు హార్స్‌పవర్ టైరే తినేసిందనుకున్నా, 40 నుంచి 44కు పెరిగిన బండి 38 నుంచి 42కు పెరిగినట్టు కనబడుతుంది, 10 శాతం కాస్తా 10.5 అవుతుంది. దానికి తగాదా పడనక్కరలేదు. అయితే మీ వాదన నిలవాలంటే, మార్పులకు ముందటి రన్ అదే డైనో మీద, అదే గేరులో, ఇంజిను అంతే వేడిగా ఉన్నప్పుడు తీసి ఉండాలి. అలిపిరి650 గారూ, మీ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా అది ఉందా?

శాతం చెప్పలేనిది మరొకటి ఉంది, టూరింగు బండికి అది అన్నిటికంటే ముఖ్యం. పలచని, చల్లని గాలిలో ఇంజిను సులభంగా నాకింగ్ (సిలిండరులో మిశ్రమం అదుపు తప్పి పేలడం) చేయదు. అందుకని బెంగళూరులో ట్యూనరు ఇగ్నిషన్‌ను (స్పార్కు పడే సమయాన్ని) కొంత ముందుకు జరిపినా షీటు అందంగానే వస్తుంది. అదే మ్యాపుతో మే నెలలో ఇద్దరు మనుషులు, మూడు పెట్టెల సామానుతో శ్రీకాళహస్తి వైపు నుంచి ఎండలో వస్తూ, టాప్ గేరులో థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమని శబ్దం మొదలైతే, అలా వచ్చిన అదనపు హార్స్‌పవర్‌కు పిస్టన్ మూల్యం చెల్లిస్తుంది. కొండ మీద ట్యూన్ చేసిన బండిని మైదానంలో వాడేవారు తప్పక ఆలోచించవలసిన విషయమిది. ఫ్యాక్టరు అంకెను మాత్రమే సముద్రమట్టానికి దించగలదు, ఇగ్నిషన్ మ్యాపును దించలేదు.

అలిపిరి650

ఇంత ఓపికగా వివరించినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం చిత్తూరు వెళ్ళి, మిత్రుని ఇంట్లో రెండు షీట్లనూ బల్ల మీద పరిచి చూశాము. మూడు విషయాలు తెలిశాయి.

మార్పులకు ముందటి రన్ నా దగ్గర ఉంది, అదే చెన్నై డైనో మీద, అదే రోజు ఉదయం తీసినది: 40.6. అంటే నాకు పెరిగినది 6 శాతం పైచిలుకు. ఆయన దగ్గర ముందటి రన్ లేనే లేదు. ఆయన బండి ఎంత పెరిగిందో ఎవరమూ చెప్పలేము.

రెండోది, ఆయన గ్రాఫు 4,000 ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుంది. నాది 2,500 దగ్గర మొదలవుతుంది. మొగిలి ఘాటులో మేమిద్దరం తిరిగేది 3,000కూ 4,500కూ మధ్య. మా వాదనకు కావలసిన భాగంలో సగానికి పైగా ఆయన కాగితం మీద లేదు. నా గ్రాఫులో మాత్రం 3,000 దగ్గర టార్కు (తిప్పే బలం) గీతలో చిన్న గుంట కనిపించింది, మార్పులకు ముందటి గీత కంటే రెండు న్యూటన్ మీటర్లు దిగువన ఉంది. పైన పెరిగిన హార్స్‌పవర్‌ను చూసి మురిసిపోయి ఇన్నాళ్ళూ దానిని గమనించలేదు. సైలెన్సరులో తీసేసిన బాఫిల్‌ను (శబ్దాన్ని అణచే లోపలి భాగాన్ని) తిరిగి పెట్టి చూడమని మా మెకానిక్ అంటున్నారు.

మూడోది పలమనేరు411 గారు అడిగినదే. హైవే మీద ఇంజిను నెమ్మదిగా తిరగాలని మిత్రుడు ముందు స్ప్రాకెట్‌ను ఒక పన్ను పెద్దది వేయించుకున్నారు. అంటే ప్రతి గేరులోనూ చక్రానికి అందే లాగుడు బలం సుమారు ఆరేడు శాతం తగ్గింది. ఘాటులో ఆయన నాలుగుకు దించడానికి కారణం ఇంజిను కాదు, ఆ పన్ను. నా బండి మెరుగని నేను చేసిన అనుమానాన్ని ఆయన ముందే వెనక్కు తీసుకున్నాను.

వచ్చే నెల రెండు బండ్లనూ చెన్నైలో ఒకే రోజు ఎక్కిస్తున్నాము. ఆయన బండికి కంపెనీ స్ప్రాకెట్ వేయిస్తాము, రెండు వెనుక టైర్లలోనూ ఒకే గాలి కొట్టిస్తాము, రెండింటినీ ఐదో గేరులో 2,500 నుంచి ఎక్కిస్తాము, ఎస్ఏఈ, స్మూతింగ్ 5తో అచ్చు తీయిస్తాము, సెన్సారును ఫ్యాను ముందుకు జరపమని ముందే అడుగుతాము. ఏ మార్పూ చేయించని సూపర్ మీటియర్ ఒకటి అదే రోజు మాతో వస్తే పోలికకు ఆధారం దొరుకుతుంది. తిరుపతి, చిత్తూరు వైపు అటువంటి బండి ఉన్నవారు ఎవరైనా రాగలిగితే డైనో ఖర్చు, పెట్రోలు ఖర్చు మేమిద్దరం పెట్టుకుంటాము. ఉదయం ఐదింటికి రేణిగుంట కూడలి నుంచి బయలుదేరుతాము.