సబ్ ఫర్ సబ్ కాకుండా నిజంగా చూసేవాళ్లు ఎలా వస్తారు?

అందరికీ నమస్తే అండి, మాది కర్నూలు, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఏడాదిగా యూట్యూబ్‌లో మన సీమ వంటలు పెడుతున్నా. సబ్‌స్క్రైబర్లు 500 కూడా దాటట్లేదని బాధపడుతుంటే, ఒకరు చెప్తే సబ్ ఫర్ సబ్ వాట్సాప్ గ్రూపులో చేరా, నువ్వు నా ఛానెల్ సబ్‌స్క్రైబ్ చెయ్యి నేను నీది చేస్తా అని, నెల తిరిగేసరికి 1000 దాటింది, సంతోషపడ్డా. కానీ యాడ్ల డబ్బులు రావాలంటే 4000 గంటల వాచ్ టైమ్ (జనం చూసిన సమయం) కూడా కావాలి కదా, అది అస్సలు కదలట్లేదు. పదకొండు నిమిషాల వీడియో పెట్టిన నిమిషంలోనే "సూపర్ అక్కా" అని ఇరవై కామెంట్లు, ఒక్కరు కూడా పూర్తిగా చూడలేదు. పైగా ఇలా ఇచ్చిపుచ్చుకోవడం యూట్యూబ్ రూల్స్‌కే విరుద్ధమట, తర్వాత తెలిసింది.

అదే ఉగ్గాని వీడియో కింద ఒకావిడ, బొరుగులు నానబెట్టి పిండితే ముద్దైపోతున్నాయి ఎందుకు అని అడిగారు, నీళ్లలో ముంచి వెంటనే తీసెయ్యండి అని చెప్పా, మర్నాడు చేసి బాగా వచ్చిందని మళ్లీ రాశారు. ఆ ఒక్క కామెంట్ నాకు ఆ వెయ్యి మంది కంటే ఎక్కువ అనిపించింది నిజంగా. ఇలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారు?

గ్రూపు వదిలేసి, ఇక్కడ బెంగళూరులోనే వంట వీడియోలు చేసే తెలుగువాళ్లం నలుగురైదుగురం కలిసి, ఒకరివి ఒకరం పూర్తిగా చూసి తప్పులు చెప్పుకుంటూ, కలిసి వీడియోలు చేస్తే మంచిదా? ఎవరైనా అలా చేశారా? పాత ఛానెల్ ఉంచాలా, కొత్తది మొదలుపెట్టాలా? దయచేసి చెప్పండి.