లక్షన్నర ఎదురిచ్చి టాంజానియాలో వాలంటీరుగా వెళ్ళడం సేవేనా?

అంబాజీపేట_అమ్మాయి:
మాది అంబాజీపేట పక్క ఊరండి. డిగ్రీ అయ్యాక గ్రామ వాలంటీరుగా చేశాను, 50 ఇళ్ళు చూసుకునేదాన్ని. ఇప్పుడు ఆ పని లేదు. టాంజానియాలో అరూషా దగ్గర ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో 6 వారాలు ఇంగ్లీషు చెప్పే ప్రోగ్రాం ఉందని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు. ఫీజు లక్షన్నర, టికెట్టు ఖర్చు మనదే. టూరిస్టు వీసా చాలంట. మధ్యలో ఓ రెండ్రోజులు అనాథాశ్రమానికి కూడా తీసుకెళ్తారంట. నాన్నగారు "ఎదురు డబ్బిచ్చి చాకిరీ చేసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా" అని ఒకటే నవ్వు. నాకైతే వెళ్ళాలనే ఉంది. మీరేమంటారు?

గట్టుమీద_కొంగ:
నాన్నగారి మాటే నాదీనూ. అది ప్యాకేజీ టూరు. జీబ్రాలు చూడాలనుంటే చూసి రా, తప్పు లేదు. దానికి సేవ అని పేరెట్టకు.

పాలకొల్లు_పద్మ:
కొంగగారూ, అమెరికాలో ఎమ్మెస్ అని 40 లక్షలు అప్పు చేస్తే ఊరంతా స్వీట్లు పంచుకుంటాం. ఆడపిల్ల లక్షన్నరతో లోకం చూసొస్తానంటే మాత్రం లెక్కలడుగుతాం. వెళ్ళనివ్వండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళెవరూ అన్నీ తెలిసి వెళ్ళరు.

లంక_రైతు:
సాయం అందుకునేవాళ్ళ వైపు నుంచి ఎలా ఉంటుందో నేను చెప్తాను. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు సిటీ నుంచి కుర్రాళ్ళు కార్లేసుకొచ్చారు. మంచి పిల్లలే, కాదనను. పులిహోర పొట్లాలు తెచ్చారు. కారు ఎంతవరకు వస్తే అంతవరకే సాయం. ఏటిగట్టు మీదున్నవాళ్ళకి మనిషికి మూడేసి పొట్లాలు అందాయి, నీళ్ళకవతల డాబాల మీదున్నవాళ్ళకి ఒక్కటీ లేదు. మాక్కావాల్సింది గేదెలకి మేత, తాగేనీళ్ళు, పరదాలు. ఏ డాబా మీద ఎవరున్నారో, ఎవరింట్లో బాలింత ఉందో పడవ నడిపే మనిషికి తెలుసు. అతన్ని ఒక్కరూ అడగలేదు. ఫొటోలో మాత్రం పక్కన నిలబెట్టుకున్నారు. మర్నాటికి మిగిలిన పొట్లాలు పాచిపోయి గట్టంతా కంపు.

అమ్మాయ్, నీకు 50 ఇళ్ళు ఎందుకప్పగించారు? నువ్వా ఊరిదానివి కనక. ఏ ముసలమ్మకి వేలిముద్ర పడదో నీకు ముందే తెలుసు. అరూషాలో నీకు ఒక్క గడప తెలియదు. తెలిసేలోపు నీ 6 వారాలూ అయిపోతాయి.

రిటైర్డ్_మాస్టారు:
ఎక్కువ రోజులుంటే చాలనుకోవడం కూడా పొరపాటే. అమెరికావాళ్ళ వాలంటీర్ల సంస్థ పీస్ కోర్ 1961లో మొదలైంది, 1976 దాకా మన దేశంలోనూ పనిచేసింది. వాళ్ళకి ముందు భాష నేర్పి, ఆనక 2 ఏళ్ళు ఊళ్ళల్లో ఉంచేవారు. నా చిన్నప్పుడు మావైపు వచ్చినతను తెలుగు బాగానే మాట్లాడేవాడు. మనిషి బంగారం. కోళ్ళ పెంపకం నేర్పుతానని ఇనప వల కొట్టించి పెద్ద షెడ్డు వేయించాడు. అతను వెళ్ళిన ఏడాదికి అందులో ఎండుగడ్డి వేసుకున్నారు. కోళ్ళ దాణా కొనే డబ్బు అప్పట్లో ఎవరి దగ్గరుంది? తరవాత అనపర్తి, తణుకు వైపు కోళ్ళ పరిశ్రమ అంత పెరిగిందంటే అది మనవాళ్ళు అప్పులు తెచ్చి, తెగించి చేసుకున్నదే.

పాలకొల్లు_పద్మ:
ఆ షెడ్డు చూసి, కోళ్ళని ఇలా కూడా పెంచొచ్చని ఒక్కరికీ తట్టలేదంటారా మాస్టారూ?

రిటైర్డ్_మాస్టారు:
తట్టి ఉండొచ్చమ్మా. కాదని ఎలా అంటాను.

కువైట్_అత్త:
సేవా కాదా అని కొట్టుకుంటున్నారు గానీ వీసా మాట ఎవరూ ఎత్తరేం? మా మలికిపురం వైపు విజిట్ వీసా మీద పనికెళ్ళి ఇరుక్కుపోయిన ఆడవాళ్ళని ఎంతమందిని చూశానో. ఏదైనా గొడవైతే అక్కడి పోలీసు ముందు నీ కాగితాలే అడుగుతాడు. ఇక్కడ ఏజెంటు ఫోనెత్తడు. "అందరూ అలాగే వెళ్తున్నారు" అన్నాడంటే ఇంకో మాట లేకుండా లేచి వచ్చెయ్.

భీమవరం_చెరువులు:
అత్త చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. జీతం లేకపోయినా చట్టం లెక్కలో అది పనే. టాంజానియాలో వాలంటీర్లకి క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్ అని వేరే ఉంది. ఇంకోటి, అక్కడ ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్ళలో పాఠాలు స్వాహిలీలో చెప్తారు, ఇంగ్లీషు మీడియం సెకండరీ నుంచే. స్వాహిలీ ముక్క రాకుండా రెండో తరగతి పిల్లలకి పాటలు తప్ప ఏం చెప్తావు? అనాథాశ్రమం జోలికి అసలెళ్ళకు. విదేశీయులు వచ్చి డబ్బులిస్తారని, అమ్మానాన్నలున్న పిల్లల్ని తెచ్చి పెట్టుకున్న చోట్లు నేపాల్లో, కంబోడియాలో బయటపడ్డాయి. 2018లో ఆస్ట్రేలియా దీన్ని ఆధునిక బానిసత్వం కిందే జమకట్టింది.

అలాగని మానెయ్యమనను. రొయ్యల చెరువుల్లో కొన్నేళ్ళు చేశాక నేను ఉగాండా వెళ్ళాను, ఐక్యరాజ్యసమితి (యూఎన్) వాలంటీరుగా. ఆ వాలంటీర్ల సంస్థ ఆఫీసు జర్మనీలోని బాన్‌లో. ఫీజు లేదు సరికదా, అక్కడ బతకడానికి డబ్బు, టికెట్టు, ఇన్సూరెన్సు వాళ్ళే ఇస్తారు. 18 నుంచి 26 ఏళ్ళవాళ్ళకి వేరే విభాగముంది, పోటీ మాత్రం గట్టిది. ఉగాండాకి ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. వేయించుకున్న 10 రోజులకి గానీ ఆ టీకా కార్డు చెల్లదు. కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే 6 రోజుల దాకా క్వారంటైన్లో పెడతారు.

మొదటి నెలల్లో చేసిన పని చాలావరకు వినడమే. మన భీమవరం కళ్ళతో చూస్తే ప్రతి చెరువుకీ ఏరియేటర్లు, అదే నీళ్ళలో గాలి కలిపే మిషన్లు, పెట్టాలనిపిస్తుంది. అక్కడ చెరువుల దాకా కరెంటే లేదు. పేడ వేసి, నీళ్ళు పచ్చబడనిచ్చి తిలాపియా చేపలు పెంచుతున్నారు. వాళ్ళ పెట్టుబడికి అదే సరైన లెక్క. నెలల తరబడి కూర్చుని వింటే, అక్కడి టెక్నీషియనమ్మ తనంతట తనే ఒకటి అడిగింది: రోజూ ఎంత మేత వేశారు, ఎన్ని చేపలు చచ్చాయి అని రైతులు రాసుకునే పుస్తకం ఎలా ఉండాలి అని. ఇద్దరం కూర్చుని గళ్ళు గీశాం. బరువు తూచే కాటా లేని రైతుకి కిలోల గడి దండగని ఆవిడే కొట్టేసి, డబ్బాల లెక్క పెట్టింది.

గట్టుమీద_కొంగ:
అంటే ఫీజు అడిగితే మోసం, డబ్బులిస్తే సేవా? మీరు చేసింది కూడా ఉద్యోగమే కదండీ.

భీమవరం_చెరువులు:
ఉద్యోగమే అనుకోండి, నాకేం బాధ లేదు. ఫీజు అడిగినవాళ్ళంతా మోసగాళ్ళని నేననలేదు. తిండీ బసా ఊరికే రావు, ఆ భారం స్కూలు మీద పడకూడదు కూడా. ఆ లక్షన్నరలో స్కూలుకి ఎంత ముడుతుందో, అసలు టీచరు కావాలని ఆ హెడ్మాస్టరు అడిగాడో లేదో కాగితం చూపించమనండి.

అంబాజీపేట_అమ్మాయి:
అడిగానండి. స్కూలుకి ఎంతిస్తారో చెప్పకూడదంట, కాన్ఫిడెన్షియల్ అంట. హెడ్మాస్టరు ఉత్తరం లేదు. పర్మిట్ సంగతెత్తితే "ఎయిర్‌పోర్టులో టూరిస్టునని చెప్పెయ్యండి" అన్నారు. అడ్వాన్సు కట్టలేదు. యూఎన్ వాళ్ళ సైట్లో పేరు నమోదు చేసుకున్నాను, ఇంట్లోంచి చేసే ఆన్‌లైన్ పనులు కూడా ఉన్నాయి అందులో. పద్మక్కా, వెళ్ళాలన్న మాట మాత్రం వదల్లేదు.

పాలకొల్లు_పద్మ:
వదలకు. ఈలోగా టూరుగా వెళ్దామంటే టూరుగానే వెళ్దాం, నేనూ వస్తాను. మీ నాన్నగారితో నేను మాట్లాడతా.

కువైట్_అత్త:
టూరుకైనా టికెట్లు మీరే కొనుక్కోండమ్మా. పాస్‌పోర్టు ఏజెంటు చేతికివ్వకండి.