పాత కారు ముందు అద్దం రబ్బరులో కూర్చోవడం లేదు, సాయం చేయండి

పాతబండి: పొద్దుటి నుంచి ఇదే పని, ఓపిక అయిపోయింది. అద్దం కొత్తది, రబ్బరు కొత్తది. కింద బాగానే కూర్చుంటోంది, పైన కుడి మూల మాత్రం లేచిపోతోంది. పోయిన వారం ఒక అద్దం సరిగ్గా ఆ మూలలోనే చీలింది. షాపతను ఫిట్టింగ్ సరిగా లేదంటాడు, మెకానిక్ రబ్బరు నాసిరకం అంటాడు. డోర్ అద్దం కూడా మార్చాలి. చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

గుంటూరు గ్యారేజ్: ఏ కారు? ఏ మోడల్?

రిటైర్డ్ ఆర్టీసీ: బాబూ, అద్దాలు మారుస్తున్నారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. ఎండ ఆపే నల్ల ఫిల్మ్ మాత్రం అంటించకండి. 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి, అదీ అద్దం తయారీలోనే అని అప్పట్లో కోర్టు చెప్పింది. ఎండ అని అందరూ అంటించేస్తారు, రాత్రిపూట రోడ్డు దాటే మనిషి కనపడడు. నేను కళ్లారా చూశాను.

పాతబండి: ఫిల్మ్ సంగతి కాదండీ. అంబాసిడర్, మార్క్ 4. నాన్నగారిది.

గుంటూరు గ్యారేజ్: రబ్బరు ముందు బాడీకి ఎక్కించారా, అద్దానికా?

పాతబండి: బాడీకే. మెకానిక్ అలాగే చేశాడు.

తణుకు ఫియట్: ముందుకి టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన అద్దం) వేయించండి, గట్టిగా ఉంటుంది. మా ఫియట్‌కి కొన్నప్పటి నుంచీ అదే.

గుంటూరు గ్యారేజ్: వద్దు. టఫెన్డ్‌కి రాయి తగిలితే అద్దం మొత్తం ఒక్కసారిగా చిన్న ముక్కలైపోతుంది, ఎదురుగా ఏమీ కనపడదు. లామినేటెడ్ పగిలినా మధ్యలో ఉన్న పొర పట్టుకుని ఉంటుంది. అంచు వైపు నుంచి చూడండి, రెండు పలకల మధ్య సన్నటి గీత కనిపిస్తే లామినేటెడ్.

తణుకు ఫియట్: ఇన్నేళ్లలో మాకేం కాలేదు కదా.

రిటైర్డ్ ఆర్టీసీ: కాలేదు కాబట్టి కాదంటే ఎలా అండీ? ముందుకి లామినేటెడే ఉండాలి.

గుంటూరు గ్యారేజ్: పాతబండి గారూ, అసలు పని ఇది. రబ్బరుని వేడి నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాక అద్దం చుట్టూ ఎక్కించండి. బాడీ రేకు పట్టే గాడిలో చుట్టూ సన్నటి నైలాన్ తాడు పెట్టి, రెండు కొసలూ కింద మధ్యలో కారు లోపలికి వదలండి. సబ్బు నీళ్లు రాయండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. బయట ఒకరు అరచేతులతో నొక్కుతుంటే లోపల ఇంకొకరు తాడు నెమ్మదిగా లాగాలి. రబ్బరు పెదవి రేకు మీదికి అదే ఎక్కుతుంది. సీలెంట్ చివర్లోనే. వైపర్ ఆర్మ్‌లు ముందే తీసేయండి.

ఒకే మూలలో చీలిందంటే నా అనుమానం రేకు మీదే. ఆ మూలలో టింకరింగ్ (రేకు పని) చేయించారా?

పాతబండి: చేయించాం. తుప్పు పట్టి ఉంటే ప్యాచ్ వేసి పెయింట్ కొట్టారు. దానికీ అద్దానికీ ఏం సంబంధం?

గుంటూరు గ్యారేజ్: అదే సంబంధం. ఇది ముందే చెప్పాల్సింది. వేలితో అంచంతా తడమండి. పుట్టీ గానీ వెల్డింగ్ బొడిపె గానీ ఉంటే బరువంతా ఆ ఒక్క చోటే పడుతుంది. గీకించి, ప్రైమర్ వేయించాకే అద్దం పెట్టండి.

డోర్ అద్దం టఫెన్డ్ అయితే తయారయ్యాక కోయడం, అంచు అరగదీయడం కుదరదు. పాతదాన్ని అట్టమీద గీసుకుని ఆ కొలతకే చేయించండి. ఐఎస్ఐ ముద్ర చూసుకోండి. అద్దం జారే చానెల్‌లో ఫెల్ట్ (మెత్తటి పట్టీ) కూడా మార్చేయండి, లేకపోతే కొత్త అద్దం మీద గీతలు పడతాయి.

పాతబండి: మూలలో పుట్టీ ఉంది, గట్టిగా గోరంత మందం. రేపు టింకర్ వస్తానన్నాడు. థాంక్స్ అండీ.

తణుకు ఫియట్: గ్యారేజ్ గారూ, వెనక అద్దానికీ ఇదే తాడు పద్ధతా? మాది వాన పడితే డిక్కీలోకి నీళ్లు కారుతున్నాయి.