బిడ్డ ఎంఎస్‌కి పోతోంది: యూనివర్సిటీ ఇన్సూరెన్స్ 2,900 డాలర్లు కట్టాలా, ఇక్కడి పాలసీ సరిపోతుందా?

మిర్యాలగూడ కండక్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఆర్టీసీలో కండక్టర్‌ని, మిర్యాలగూడ డిపో. మా పెద్దబిడ్డ ఆగస్టులో టెక్సాస్ పోతోంది. ఎఫ్-1 వీసా అయింది, ఎడ్యుకేషన్ లోన్ సాంక్షన్ అయింది, ఇక సూట్‌కేసులు కొనుడే అనుకున్నాం. ఇంతలో యూనివర్సిటీ నుంచి ఫీజు బిల్లు వచ్చింది. ట్యూషన్ కింద ఇంకో లైను: హెల్త్ ఇన్సూరెన్స్ 1,210 డాలర్లు. జనవరిలో స్ప్రింగ్, సమ్మర్ కలిపి ఇంకో 1,690 అట. మొత్తం 2,900. రూపాయల్లో రెండున్నర లక్షల పైమాటే. లోన్ లెక్కలో ఇది మేం రాసుకోలేదు.

కన్సల్టెన్సీ అబ్బాయి "టెన్షన్ పడకండి అంకుల్, ఇక్కడే 38 వేలకు పాలసీ వస్తుంది, రెండున్నర లక్షల డాలర్ల కవరేజీ. అది చూపించి వేవర్ తీసుకోండి, అంటే యూనివర్సిటీ ఇన్సూరెన్స్ కట్టకుండా మినహాయింపు, అందరూ చేసేదే" అన్నాడు. అందరూ అంటే ఎవరయ్యా అని అడిగితే ఇద్దరి పేర్లు చెప్పాడు.

ఇన్సూరెన్స్ గురించి నాకు పెద్దగా తెలియదు. నాకు జబ్బు చేస్తే తార్నాక ఆర్టీసీ ఆస్పత్రికి పోతాను. ఊళ్లో వ్యవసాయం చేసుకునే మా అన్నకు గుండె ఆపరేషన్ అయితే ఆరోగ్యశ్రీ కార్డు చూపించాం, చేయించుకుని ఇంటికి వచ్చాం. ఇక్కడేమో డిడక్టిబుల్, కోపే, కోఇన్సూరెన్స్ అని మూడు ఉన్నాయి. మూడూ మనం కట్టేవే. మరి ప్రీమియం దేనికి కట్టినట్టు? టికెట్ కొన్న మనిషిని స్టేజి స్టేజికీ మళ్లీ పైసలు అడిగితే బస్సులో కొట్లాటే అవుతుంది.

ఇంకో సంగతి. బిడ్డకు థైరాయిడ్ ఉంది, పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటుంది. మాది అసలు మర్రిగూడ వైపు. చిన్నప్పుడు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే తాగింది, పళ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. అవి సరే, కింది దవడ పన్ను ఒకటి అప్పుడప్పుడు సలుపుతోంది. ఇవన్నీ చెబితే ఆ అబ్బాయి "ఫారంలో రాయకండి అంకుల్" అన్నాడు. అక్కడ నాకు అనుమానం వచ్చింది.

అచ్చంపేట అమ్మాయి, ఇప్పుడు డాలస్

కాకా, రాయొద్దన్నవాడి దగ్గర ఏదీ కొనకండి. నాకేమైందో చెప్తాను.

నేను 2019లో వచ్చాను. మా దగ్గర వేవర్ సులువుగా ఇచ్చేవాళ్లు, చవక ప్లాన్ తీసుకున్నాను. రెండో సెమిస్టర్‌లో ఒక రాత్రి రెండు గంటలకు నడుము పక్కన నొప్పి మొదలైంది, మెలికలు తిరిగిపోయాను. రూమ్మేట్ కారులో ఎమర్జెన్సీకి తీసుకుపోయింది. నర్సు కంప్యూటర్ ముందు కూర్చుని "ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా?" అని అడిగింది. వచ్చింది, ఇంటర్‌లో ఉన్నప్పుడు కిడ్నీలో చిన్న రాయి అన్నారు, బార్లీ నీళ్లు తాగితే పోయింది అని చెప్పాను. ఆమె టకటకా టైప్ చేసింది. సెలైన్, నొప్పికి ఇంజెక్షన్, ఒక సీటీ స్కాన్. తెల్లారేసరికి ఇంటికి పంపించారు.

మూడు వారాలకు ఆస్పత్రి బిల్లు 11,400 డాలర్లు వచ్చింది. డాక్టర్ బిల్లు వేరే కవర్లో, 1,300. రెండూ వేర్వేరుగా వస్తాయని కూడా నాకు తెలియదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఆస్పత్రి రికార్డు తెప్పించుకున్నారు, నర్సు టైప్ చేసిన ఆ ఒక్క లైను పట్టుకున్నారు. పాత జబ్బు, కవర్ కాదు, అయిపోయింది. నేను అబద్ధం చెప్పి ఉండాల్సిందా అని చాలా రోజులు ఆలోచించాను. తప్పు నర్సుకు చెప్పడంలో లేదు కాకా, నేను కొన్న ప్లాన్‌లో ఉంది.

అది లాభాపేక్ష లేని ఆస్పత్రి. అలాంటివాటికి పేషెంట్ల కోసం ఆర్థిక సహాయ పథకం ఉండి తీరాలని ఇక్కడి చట్టం. ఐటమైజ్డ్ బిల్లు, అంటే దేనికెంతో విడివిడిగా రాసింది అడిగాను, క్యాంపస్ జాబ్ జీతం చూపించే బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టి అప్లై చేశాను. చివరికి ఆస్పత్రిది 2,600కు తగ్గింది. నెలకు వంద చొప్పున 26 నెలలు కట్టాను. డాక్టర్‌ది తగ్గలేదు.

ఇక మీ స్టేజీల లెక్క. ఉదాహరణకు బిల్లు 12,700 వేశారనుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఆ ఆస్పత్రితో ముందే ఒప్పందం రేటు ఉంటుంది, అది 5,500 అనుకుందాం. డిడక్టిబుల్ 500 అయితే మొదటి 500 మీవి. మిగిలిన 5,000లో 20 శాతం కోఇన్సూరెన్స్, అంటే వెయ్యి. మీ చేతి నుంచి పోయేది 1,500. కోపే అంటే డాక్టర్ దగ్గరికి పోయినప్పుడల్లా ఇచ్చే పాతికో ముప్పయ్యో. వీటన్నిటికీ ఏడాదికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, అది దాటాక నెట్‌వర్క్‌లోని (కంపెనీతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల్లోని) కవరయ్యే వైద్యానికి కంపెనీయే కడుతుంది. అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే ఇక్కడి ఆరోగ్య బీమా చట్టం కిందికి వచ్చే ప్లాన్లలో 2026కి ఒక మనిషికి ఆ పరిమితి 10,600 డాలర్లు మించకూడదు. ఆ ప్లాన్లలో 2014 నుంచి పాత జబ్బు పేరు చెప్పి తోసేయడానికి వీల్లేదు. బిడ్డ థైరాయిడ్‌కి మీకు కావాల్సింది ఇదే. యూనివర్సిటీ ప్లాన్ ఆ చట్టం ప్రకారం ఉందో లేదో బ్రోషర్‌లో చూడమనండి, సాధారణంగా ఉంటుంది.

గడియారం సెంటర్ ఏజెంట్, నల్లగొండ

అన్నా, నేను ఈ పాలసీలే అమ్ముతాను. కమిషన్ వస్తుంది, దాచేదేం లేదు. అయినా చెప్తున్నా, మీ కేసులో ఏడాది పాలసీ అమ్మను.

రెండున్నర లక్షల డాలర్లని మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కొన్ని పాలసీల్లో లోపలికి పోతే రూముకి రోజుకింత, సర్జన్‌కింత అని సబ్ లిమిట్లు ఉంటాయి. పాత జబ్బుకు చాలావాటిలో ప్రాణం మీదికి వస్తేనే ఇస్తారు, రోజూ వేసుకునే మాత్రకు, రక్త పరీక్షకు ఇవ్వరు. ఇక థైరాయిడ్ రాయకుండా దాచి తర్వాత దొరికితే క్లెయిమ్ పోవచ్చు, పాలసీయే రద్దు కావచ్చు. అప్పుడు ఆ కన్సల్టెన్సీ అబ్బాయి ఫోన్ ఎత్తడు.

మావాటితో వేరే పని ఉంది. పాస్‌పోర్టు పోవడం, సామాను రాకపోవడం, బిడ్డ ఆస్పత్రిలో ఉంటే ఇంట్లో ఒకరు పోయిరావడానికి టికెట్, ఫీజు కట్టే మనిషికి ఏమైనా అయితే మిగిలిన ఫీజు. ఇవి యూనివర్సిటీ ప్లాన్‌లో సాధారణంగా దొరకవు. అదీగాక యూనివర్సిటీ కవరేజీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో చూడండి. బిడ్డ ముందే దిగితే మధ్య రోజులకు ఏమీ ఉండదు. ఆ కొన్ని రోజులకు చిన్న పాలసీ చాలు.

పాలమూరు పోరడు, మిస్సోరి

అంకుల్, నేను వేవర్ తీసుకున్నవాణ్నే. ఏడాదికి 1,400 డాలర్లు మిగిలాయి, ఇప్పటివరకు జ్వరం తప్ప ఏం రాలేదు. అయితే నాకు థైరాయిడ్ లేదు, నేను తీసుకున్నది అమెరికా కంపెనీ ప్లాన్. ఎఫ్-1 వాళ్లకు ఇన్సూరెన్స్ ఉండాలని వీసా రూల్ లేదు, జె-1 (ఎక్స్చేంజ్ వీసా) వాళ్లకుంది. మనకు రూలు పెట్టేది యూనివర్సిటీయే. కొన్ని అసలు వేవరే ఇవ్వవు. కన్సల్టెన్సీని అడిగి లాభం లేదు, అక్కను స్టూడెంట్ హెల్త్ ఆఫీసుకి మెయిల్ పెట్టమనండి.

ఇంకోటి, ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మాదొకటి, కార్డు పట్టుకుని పోవడం మాకూ అలవాటే. ఇక్కడ ఏ తలుపు తడితే దాన్ని బట్టి బిల్లు. జ్వరానికి, దగ్గుకు ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్. అది మూసి ఉంటే అర్జంట్ కేర్. మన ఊరి ఆర్‌ఎంపీ లెక్క సందు చివర ఉంటుంది, కాకపోతే లోపల నిజం డిగ్రీ ఉన్నోళ్లే ఉంటారు. ఎమర్జెన్సీకి పోయేది ప్రాణం మీదికి వచ్చినప్పుడే. అలాంటప్పుడు మాత్రం ఆలోచించకుండా 911 కొట్టాల్సిందే. అంబులెన్సు మన 108 లెక్క ఉచితం కాదు. అనుకోని బిల్లులు వేయకుండా ఆపే సర్‌ప్రైజ్ బిల్లుల చట్టం 2022లో అమల్లోకి వచ్చినా రోడ్డు అంబులెన్సును అందులో కలపలేదు.

ఆ పన్ను మాత్రం ఇక్కడికి తేవద్దు! పెద్దవాళ్ల పళ్లకు స్టూడెంట్ ప్లాన్‌లో మామూలుగా ఏమీ రాదు. నాకు రూట్ కెనాల్‌కి 1,150 డాలర్లు అయ్యాయి, క్యాప్ వేరే. అదే పన్నుకు మహబూబ్‌నగర్‌లో నాలుగు వేలు చెబితే, టైం లేదని వచ్చేశాను.

మిర్యాలగూడ కండక్టర్

అందరికీ దండాలు. నిన్న రాత్రి డ్యూటీ దిగి వచ్చాక బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఇవన్నీ చదివించాను. మెయిల్ పెట్టింది, పొద్దున్నకల్లా జవాబు. వేవర్ కావాలంటే అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం ఉన్న ప్లానే ఉండాలట, బయటి దేశం ట్రావెల్ పాలసీలు ఒప్పుకోరట. అంటే ఆ 38 వేలు కట్టి ఉంటే అవీ పోయేవి, 2,900 కూడా కట్టాల్సి వచ్చేది. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి ఈ మాట చెబితే "ఓహో, ఈ సంవత్సరం మార్చారేమో అంకుల్" అన్నాడు.

యూనివర్సిటీదే కడుతున్నాం. మొదటి 1,210 నా సొసైటీ లోన్ లోంచి తీస్తాను, జనవరిది బ్యాంకు మేనేజర్‌ని అడగాలి.

అచ్చంపేట బిడ్డా, 26 నెలలు అన్నావు చూడు, మా ఆమె అక్కడ చదవడం ఆపించి, ఆ పిల్ల తిండి తిన్నదో లేదో అంది.

పన్నుకు శుక్రవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. థైరాయిడ్ మాత్రలు మూడు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీతో సహా కట్టిస్తున్నాను.

ఏజెంట్ తమ్ముడూ, కవరేజీ ఆగస్టు 15 నుంచి అట, బిడ్డ ఫ్లైటు 4న. ఆ పదకొండు రోజులకు నువ్వే చూడాలి. థైరాయిడ్ రాసే ఇవ్వు.

గడియారం సెంటర్ ఏజెంట్, నల్లగొండ

రా అన్నా. పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన అడ్మిషన్ ఫారం) జిరాక్సులు తెచ్చుకో. ఫ్లైటు లేటయినా ఇబ్బంది లేకుండా ఇరవై రోజులకు రాద్దాం. ఆదివారం షాపు ఉండదు.