పాయింట్ 32 పిస్టల్ రెండో తూటా దగ్గరే ఎందుకు ఆగుతోంది?

ఎనుమాముల అడ్తి:

అన్నలకు నమస్తే. మాది వరంగల్, ఎనుమాముల మార్కెట్ల పత్తి, మిర్చి అడ్తి. సీజన్ల నగదుతోని తిరగాల్సి వస్తది కాబట్టి లైసెన్స్ తీసుకున్న. చిన్న పాయింట్ 32 పిస్టల్, రెండు మ్యాగజైన్లు (తూటాలు నింపి పిస్టల్ పిడిల పెట్టే డబ్బీలు). 2023 అక్టోబర్‌ల అసెంబ్లీ ఎన్నికల కోడ్ పడంగనే స్టేషన్ల డిపాజిట్ చేసిన. 2024ల పార్లమెంటు ఎన్నికలకు మళ్ల అప్పజెప్పిన. అంతకుముందు ఏ ఇబ్బంది లేకుండె.

ఇప్పుడు రేంజ్‌ల కొడితే మొదటి రౌండ్ మంచిగ పోతది. రెండోదో మూడోదో చాంబర్లకు (నాళి ఎనుక తూటా కూసునే గది) ఎక్కకముందే ముక్కు కిందికి వంగి ఆగుతది. ఒక్కోసారి స్లైడ్ (పిస్టల్ మీద ముందుకు ఎనుకకు కదిలే భాగం) ముందుకొచ్చి, పూర్తిగ మూసుకోకుండ రెండు మూడు మిల్లీమీటర్లు మిగిలిపోతది. ఒకసారైతే ఖాళీ కేసు (పేలినంక మిగిలే ఇత్తడి గొట్టం) బయటికి ఎగరకుండ, అది బయటపడే కిటికీల నిలబడి ఇరుక్కుంది. తూటాలు కొత్త డబ్బావే, లైసెన్స్ మీద కొన్నయే. పిస్టల్ మార్చాల్నా, ఇదే బాగైతదా? ప్రాణం మీదికొచ్చినప్పుడు పనికిరావాల్సిన వస్తువు, అనుమానంతోని దగ్గర పెట్టుకోలేను.

పర్కాల పటేల్:

మా చిన్నాయన పిస్టల్ కూడ గిట్లనే ఆగుతుండె. కొబ్బరినూనె నాలుగు చుక్కలేసి, తూటా ఎక్కే ఆ వాలును తెలిసిన లేత్ ఆయనతోని నున్నగ రుద్దిపిచ్చిండు. తర్వాత మంచిగనే నడిచింది. ఒకసారి చూడండ్రి.

హన్మకొండ ఆర్మరర్ (రిటైర్డ్):

తమ్మీ, లేత్ దగ్గరికి మాత్రం తీసుకపోకు. పటేల్ మంచికే చెప్పిండు గని, అది వద్దు. ఆయుధం రిపేరు చేసేటోనికి లైసెన్స్ ఉండాలె, 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 అదే చెప్తది. చట్టం సంగతి అట్లుంచినా, ఆ వాలును ఎక్కువ అరగదీస్తే చాంబర్ అడుగున కేసుకు ఆనిక తగ్గుతది. పేలినప్పుడు అక్కడ ఇత్తడి ఉబ్బి చిరిగితే గ్యాస్ మ్యాగజైన్ల నుంచి నీ చేతిమీదికే వస్తది. అరగదీసిన ఇనుము మళ్ల అతకదు. ఇన్నేండ్లు సక్కగ పనిచేసిన వాలు ఉన్నట్టుండి ఎందుకు చెడుతది? చెడిపోయేటియి స్ప్రింగులు, మ్యాగజైన్. అడ్డం పడేది మురికి.

కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి పోతే గడ్డకడుతది. డిసెంబర్ల మన దగ్గర తెల్లారంగ చలి ఎట్లుంటదో నీకు తెలుసు. తుపాకి నూనె వాడు, అది కూడ పలుచగ.

నేను ఫౌజుల ఈఎంఈల (బండ్లు, ఆయుధాలు బాగుచేసే విభాగం) ఆర్మరర్‌గ, అంటే ఆయుధాలు రిపేరు చేసేటోనిగ చేసిన. అక్కడ మా చేతులకొచ్చేది 9 ఎంఎం పిస్టల్. దాంట్ల బ్యారెల్, స్లైడ్ కలిసి లాక్ అయితయి. చిన్న పాయింట్ 32ల చాలావాటికి ఆ లాక్ ఉండదు. స్లైడ్ బరువు, దాన్ని మళ్ల ముందుకు తెచ్చే రికాయిల్ స్ప్రింగ్ బలం, ఈ రెండే దాన్ని ఆపి పట్టుకుంటయి. పేలినప్పుడు గ్యాస్ కేసును ఎనుకకు నూకుతది, కేసు స్లైడ్‌ను నూకుతది. స్లైడ్ మళ్ల ముందుకొస్తూ మ్యాగజైన్ల నుంచి తూటాను గీరుకొని పోతది. స్లైడ్ అక్కడికి వచ్చేటాళ్లకు మ్యాగజైన్ స్ప్రింగ్ తూటాను పైకి ఎత్తి ఉంచాలె. ముక్కు కిందికి వంగి ఆగుతుందంటే ఆ ఎత్తుడు ఆలస్యమైతుందని అర్థం. మొదటిది మంచిగనే ఎందుకు పోతదంటావా? అది చేత్తోని స్లైడ్ లాగి వదిలేది. స్ప్రింగ్‌కు కావాల్సినంత టైం ఉంటది.

అందుకే ముందుగల మ్యాగజైన్లకు 1, 2 అని మార్కు పెట్టు. పిస్టల్ ఆగినప్పుడల్ల ఏ నంబరు, ఎన్నో తూటా, ముక్కు పైకా కిందికా రాసుకో. ఒక్క మ్యాగజైనే సతాయిస్తే పిస్టల్‌ను అనుమానించే పనే లేదు. మ్యాగజైన్ పెదవులు, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచులు, వెడల్పైతే తూటా తొందరగ లేచి ముక్కు పైకి తేలుతది. స్ప్రింగ్ అలసిపోతే కిందికి. రెండు మ్యాగజైన్లు ఒక్క తీరుగ చేస్తే అప్పుడు పిస్టల్ దిక్కు చూడాలె.

నువ్వు పత్తి అడ్తి అన్నవు చూడు, నా మనసు అక్కడనే ఆగింది. పత్తి నూగు గాలిల తేలుకుంట వచ్చి జేబుల, హోల్‌స్టర్ల చేరుతది. నూనె తగిలిందంటే ముద్దయి పడుతది. మ్యాగజైన్ అడుగు పలక తీసి లోపల చూడు. తీసేటప్పుడు స్ప్రింగ్ ఎగిరి కంట్లె పడకుండ బొటనవేలు అడ్డం పెట్టు. లోపల నూగు, నల్ల జిగురు కనపడితే పొడి బట్టతోని తుడువు. మ్యాగజైన్ లోపల నూనె పొయ్యొద్దు, అదే మళ్ల దుమ్మును పిలుస్తది. స్టేషన్ల నెలలకొద్దీ పడి ఉన్నప్పుడు పాత నూనె గూడ బంకలెక్క అయి ఉంటది. స్లైడ్ పట్టాలు, చాంబర్, ఖాళీ కేసును బయటికి గుంజే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద బ్రష్‌తోని తీయాలె. స్లైడ్ ఆ రెండు మిల్లీమీటర్లు మిగులుడు, కేసు నిలబడుడు, ఈ రెంటికీ ముందు అనుమానం ఆ బంక మీదనే. రికాయిల్ స్ప్రింగ్ సంగతి ఆ తర్వాత. తోలు హోల్‌స్టర్ల పెట్టి అల్మారాల దాచకు, తోలు తేమ గుంజి తుప్పు పట్టిస్తది.

పాయింట్ 32కు ఇంకొక గుణం ఉంది. తూటా అడుగు అంచు 9.1 మిల్లీమీటర్లు, దాని మీది ఒళ్లు 8.6. అంచు కొంచెం బయటికి ఉంటది. మ్యాగజైన్ల పైతూటా అంచు కిందితూటా అంచుకు ముందు ఉండాలె, ఇంటిమీద పెంకులు ఒకదాని మీద ఒకటి వరుస తప్పకుండ ఉన్నట్టు. అది ఎనుకకు జారితే రెండూ కొండ్లు పడతయి, బొటనవేలితోని నూకినా కదలయి. నిండు పొడవు 25 మిల్లీమీటర్ల గుండు ముక్కు తూటాలల్ల ఇది అరుదు, పొట్టి బోలు ముక్కు వాటిల ఎక్కువ. తూటాలు నింపేటప్పుడు ఒక్కొక్కటి పూర్తిగ ఎనుకకు జరిగిందా లేదా చూస్కో.

సాఫు చేసే ముందు ప్రతిసారి: నాళి ఎవరూ లేని దిక్కు, వేలు ట్రిగ్గర్ బయట, ముందు మ్యాగజైన్ తీసుడు, తర్వాతనే స్లైడ్ లాగుడు, చాంబర్ల కంటితోని చూసి చిటికెన వేలితోని తడిమి చూసుడు. మ్యాగజైన్ తియ్యకుండ స్లైడ్ లాగితే ఇంకో తూటా ఎక్కుతది. ఇండ్లల్ల ప్రమాదాలు గిట్లనే అయితయి. ఇంట్ల పరీక్షకు డమ్మీ రౌండ్లే (మందు లేని ఉత్త తూటాలు). అసలు తూటాలు ఆ గదిల కూడ ఉండొద్దు.

కాజీపేట షూటర్:

సార్ చెప్పినవన్నీ సరైనవే. నేను స్పోర్ట్స్ షూటింగ్ చేస్తాను, రేంజ్‌లో తరచూ చూసేవి రెండు చెప్తాను అన్నా.

డబ్బా మీద 32 అని ఉన్నంత మాత్రాన సరిపోదు. 32 రివాల్వర్ తూటా వేరు, 32 పిస్టల్ తూటా వేరు. రివాల్వర్ది పొడవు 32 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, మీ మ్యాగజైన్లో పట్టదు. మీవి పడుతున్నాయి కాబట్టి ఆ సమస్య లేదు, కానీ కొనేటప్పుడు ప్రతిసారి చదివి తీసుకోండి.

రెండోది మణికట్టు. లాక్ లేని పిస్టల్‌లో కూడా చెయ్యి వదులుగా ఉంటే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో పాటే వెనక్కి పోతుంది. స్లైడ్‌కు పూర్తి ప్రయాణం దొరకదు, ఖాళీ కేసు సగంలో చిక్కుతుంది. రెండు చేతులతో గట్టిగా పట్టి, మణికట్టు బిగించి మళ్లీ కొట్టి చూడండి. మొదటి తూటా ఎక్కించేటప్పుడు స్లైడ్‌ను చేత్తో పట్టుకుని మెల్లగా దించకండి. పూర్తిగా వెనక్కి లాగి వదిలేయండి.

ఇంకొకటి. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే నాళి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. మామూలు చప్పుడు బదులు 'ఫట్' మని చిన్నగా వస్తే వెంటనే ఆపేయండి. గుండు బ్యారెల్లోనే ఆగి ఉండొచ్చు, వెనకాల ఇంకోటి కొడితే బ్యారెల్ చిరుగుతుంది. తూటాల మీద తుప్పు వదిలించే స్ప్రే నూనెలు పడనివ్వకండి, ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే మందు) లోపలికి దిగితే తూటా చచ్చిపోతుంది.

ఎనుమాముల అడ్తి:

అందరికీ దండాలు. ఆర్మరర్ అన్న చెప్పినట్టే చేసిన. రెండు మ్యాగజైన్లల్ల నూగు ఉంది, 2 నంబరుల అయితే అడుగున ముద్ద కట్టింది. ఎక్స్‌ట్రాక్టర్ కింద నల్లటి బంక. అన్నీ సాఫు చేసి రేంజ్‌ల కోచ్ ముందటనే కొట్టిన. 1 నంబరు ఒక్కసారి గూడ ఆగలె. స్లైడ్ పూర్తిగ మూసుకుంటుంది, కేసులు దూరంగ ఎగురుతున్నయి. 2 నంబరు మాత్రం ఆఖరి రెండు తూటాల దగ్గర ఇంకా ముక్కు వంచుతుంది. లైసెన్స్ ఉన్న డీలర్‌కు చూపిస్తే రెండు స్ప్రింగులు పక్కపక్కన పెట్టి చూపిచ్చిండు. 2 నంబరుది పొట్టిగైంది. కొత్తది తెప్పిస్త అన్నడు, టైం పడుతదట. అప్పటిదాకా పాతదాన్నే సాగదీసి వెయ్యొచ్చా అన్నా?

హన్మకొండ ఆర్మరర్ (రిటైర్డ్):

వద్దు తమ్మీ. సాగదీసిన స్ప్రింగ్ రెండు రోజులు బలంగున్నట్టు కనపడి మళ్ల కుంగుతది, ఎప్పుడు కుంగిందో నీకు తెల్వదు. ఆఖరి తూటాల దగ్గర స్ప్రింగ్ అన్నిటికంటె సాగి ఉంటది కాబట్టి బలం అక్కడనే తక్కువ, అందుకే అక్కడ ఆగుతుంది. కొత్తది వచ్చేదాకా 2 నంబరును ఖాళీ చేసి పక్కన పెట్టు, 1 నంబరుతోనే నడిపియ్. కొత్త స్ప్రింగ్ వేసినంక రేంజ్‌ల నిండు మ్యాగజైన్లు వరుసగ కొట్టి చూడు. పత్తి సీజన్ ఉన్నన్ని రోజులు వారానికోసారి మ్యాగజైన్ అడుగు పలక తీసి నూగు తుడువు.