తాతయ్య చిట్టాలోని రంగం డబ్బు: క్యాట్‌కు ఏ రేటు కట్టాలి?

బర్మాక్యాంపు మనవడు:
మా తాతయ్య 1964లో బర్మాలోని రంగూన్ (పాతవాళ్ల నోట రంగం) వదిలి కుటుంబంతో విశాఖపట్నం చేరారు. కంచరపాలెం బర్మా క్యాంపులోనే మా నాన్న పెరిగారు. తాతయ్య చిట్టా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అందులో చివరి పద్దు: "చేతిలో నిల్వ రూ. 4,200". ఆ డబ్బులో చిల్లిగవ్వ కూడా ఆయన వెంట రాలేదు.

అప్పటి బర్మా డబ్బు పేరు క్యాట్. ఇప్పుడు ఇంట్లో పేచీ ఏమిటంటే, ఆ 4,200 మన డబ్బులో ఎంత? పెద్దనాన్న దగ్గర 1967 నాటి డైరీ ఉంది. అందులోని పట్టికలో ఒక క్యాట్ విలువ రూపాయి 57 పైసలు. ఆ లెక్కన మనం పోగొట్టుకున్నది 6,600కు దగ్గర అని ఆయన వాదన. క్యాట్‌కు అంత విలువ ఎన్నడూ లేదని, 4,200 అన్నా ఎక్కువేనని నా అనుమానం. తెలిసినవారు చెప్పండి.

రేవువీధి:
మీ పెద్దనాన్నగారి డైరీలో తప్పు లేదండి. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరుకు 4.76గా ఉన్నది 7.50 అయింది. బర్మా తన క్యాట్‌ను 4.76 దగ్గరే ఉంచింది. భాగించి చూడండి, రూపాయి 57 పైసలే వస్తుంది. ప్రభుత్వాలు ప్రకటించిన రేటును కాదంటే ఇక దేన్ని నమ్ముతాం? నల్లబజారు రేటు వీధికొకటి, పూటకొకటి. దానికి రసీదు ఉండదు.

పాతనాణేలు:
ఆ పద్దు ముందున్న "రూ." అనే గుర్తు దగ్గరే నేను ఆగిపోయాను.

రంగం వెళ్లిన మనవాళ్లకు 1937 దాకా రెండు డబ్బులు లేవు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో భాగం. అక్కడా అదే రూపాయి, అవే పదహారు అణాలు. రంగూన్ రేవులో మూటలు మోసి ఇంటికి మనియార్డరు కడితే మారకం అన్న మాటే రాదు. విడిపోయాక కూడా, జపాను ఆక్రమణ కాలం పోగా, 1947 మార్చి వరకు బర్మా నోట్ల వ్యవహారం చూసింది మన రిజర్వు బ్యాంకే. 1952లో క్యాట్ వచ్చింది, రూపాయికి సరిగ్గా ఒక క్యాట్ చొప్పున. క్యాట్‌కు నూరు ప్యాలు. (మన నయా పైసల కంటే ఐదేళ్లు ముందే వాళ్లు నూరు భాగాల లెక్కకు మారారు.) రూపాయిలాగే క్యాట్ కూడా బ్రిటిష్ డబ్బులో ఒక షిల్లింగు ఆరు పెన్సులకు సమానం. పేరు మారింది, విలువ మారలేదు. అందుకే మీ తాతగారు పన్నెండేళ్ల తర్వాత కూడా "రూ." అనే రాశారు. ఆయన పొరపాటు పడలేదు.

పొరపాటు పెద్దనాన్నగారిది. 1964లో పోయిన డబ్బుకు 1966 తర్వాతి రేటు కట్టారు.

రేవువీధి గారూ, అధికారిక రేటును పట్టుకుంటే ఎక్కడికి పోతామో చూడండి. 1977 నుంచి క్యాట్‌ను అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్‌కు (ఎస్‌డీఆర్‌కు) 8.51 చొప్పున కట్టేశారు. అంటే డాలరుకు సుమారు ఆరు క్యాట్లు. 2012 దాకా అదే రేటు! మన రూపాయి ఆ మధ్యలో 1991 సంక్షోభం దాటి డాలరుకు నలభై అయిదు, యాభై దగ్గరికి పోయింది. మీ లెక్క ప్రకారం 2011లో ఒక్క క్యాట్‌కు ఏడెనిమిది రూపాయలు రావాలి. ఎవరికి ఇచ్చారు? 2012 ఏప్రిల్ 1న ఆ కట్టు విప్పి డాలరుకు 818 అని మొదలుపెట్టారు. రూపాయి అప్పుడు 51 దగ్గర ఉంది. ఒక రూపాయికి పదహారు క్యాట్లు! ఆ ఒక్క రాత్రిలో బర్మా డబ్బు చితికిపోలేదు. ముప్పై అయిదేళ్లు కాగితం మీద నిలబెట్టిన అబద్ధాన్ని తీసేశారు, అంతే. మామూలు మనిషి చేతిలోని నోటును మార్చి ఇవ్వని రేటును నేను రేటు అనను.

రేవువీధి:
1967 లెక్క వదులుకుంటున్నాను, తేదీ విషయంలో మీరన్నది నిజం. కానీ మనవడు గారు 4,200 కూడా ఎక్కువే అంటున్నారు, దానికి మాత్రం ఒప్పుకోను. బయటి రేటు ఎందుకు పడిపోయింది? దుకాణాలు జాతీయం చేసి, డబ్బు బయటికి పోకుండా కట్టడి చేసి, నోట్లు రద్దు చేసి బర్మా ప్రభుత్వమే పడగొట్టింది. ఆ పడిపోయిన రేటుతో లెక్కకడితే లాక్కున్నవాడి బాకీని మనమే తగ్గించినట్టు కాదా? ఒకటికి ఒకటి అన్నది వాళ్లు ఒప్పుకున్న మాట. ఆ మాటకే వాళ్లను కట్టిపడేయాలి.

పాతనాణేలు:
ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. నష్టం కొలవడానికి ఒకటికి ఒకటి న్యాయమే. నేనన్నది డబ్బు బలం కొలవడం గురించి.

లెక్కలటీచరు:
ఒక సంగతి మిగిలింది. 1964 మే 17న బర్మాలో యాభై, వంద క్యాట్ల నోట్లు రద్దు చేశారు. 4,200 నిల్వ అంటే ఎక్కువ భాగం వంద నోట్లే అయి ఉండాలి. ఆ పద్దు రద్దుకు ముందు రాసిందా, తర్వాత రాసిందా? ముందైతే అది చెల్లే డబ్బు, రూపాయికి రూపాయి. చిట్టాలో తేదీ ఉందా?

బర్మాక్యాంపు మనవడు:
ఇప్పుడే తీసి చూశాను. "క్రోధి, చైత్ర బహుళం" అని ఉంది. పంచాంగం తిరగేస్తే ఆ ఏడాది చైత్రం మే 11తో ముగిసింది. అంటే రద్దుకు కనీసం అయిదారు రోజుల ముందు ఆయన కూర్చుని నోట్లు లెక్కపెట్టుకున్నారు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, 4,200 రూపాయలే. పెద్దనాన్నకు సాయంత్రం చెబుతాను.

ఆ పద్దు కింద వైశాఖంలో మరో తేదీ వేసి ఉంది. దాని పక్కన అంకె రాయలేదు.